పొడిమూట చీర, ఏడవని పిల్ల

నేను చెబుతుంటే మా తోడికోడలు విజయ రాస్తోందండి. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు, అదీ మా కృప నేర్పింది. విజయ పదో తరగతి దాకా చదువుకుంది. దాని ఒళ్ళో పిల్లాడున్నాడు. వాడు పడుకున్నంతసేపూ రాస్తాం, లేస్తే ఆపేస్తాం. నా గొంతు బొంగురు. మామూలుగా మాట్లాడినా కసిరినట్టుంటుంది. ఆ గొంతు కూడా ఈ జబ్బు ఇచ్చిందే, అందుకే ముందుగా చెప్పేస్తున్నాను.

మాది కొత్తపేట దగ్గర కాలవగట్టు మీద పేట. నా పేరు మరియమ్మ. మా ఆయన దానియేలు, కామందుగారి దగ్గర పాలేరుగా ఉండేవారు. పోయి ఐదేళ్ళు కావొస్తోంది. ఇంట్లో ఇప్పుడు మా అత్త సుగుణమ్మ, మరిది, విజయ, నేను, నా కూతురు కృప.

చేలో మందు జల్లే రోజులొస్తే నాకు కాలు ఒకచోట నిలవదు. ఆరేసిన గుడ్డలు తీసేస్తాను, నీళ్ళబిందె మీద మూత పెడతాను, తలుపు వేస్తాను, మళ్ళీ తీసి గాలి ఎటుందో చూస్తాను. "నీకు పిచ్చిగాని పట్టిందేంటే" అంటుంది మా అత్త. పిచ్చి కాదండి. ఎందుకో చెబుతాను.

డెబ్బై ఎనిమిదిలో, తొలకరి పంట సార్వాకి, నేను నాలుగో నెల కడుపుతో ఉన్నాను. అంతకుముందు ఒకటి నిలవలేదు. కొత్త పొట్టివరి వచ్చేక, దాని వెనకే దోమపోటు కూడా వచ్చింది. ఈ ఆదివారం గుడికెళ్ళేటప్పుడు పచ్చగా ఉన్న చేను పై ఆదివారానికి నిప్పంటుకున్నట్టు గుండ్రంగా మాడిపోయేది. రైతులు తల పట్టుకునేవారు. పంచాయితీ సమితి నించి తెల్లపొడి సంచులు వచ్చేవి. బి.హెచ్.సి. అనేవారు చదువుకున్నోళ్ళు, మేం పొడిమందు అనేవాళ్ళం. దాన్ని జల్లే మిషను ఊరంతటికీ ఒకటే, అది మా వంతుకి ఎప్పుడూ వచ్చేది కాదు.

మిషను లేకపోతే ఓ పద్ధతుంది. బాగా పాతబడ్డ నూలుచీర ముక్కలో పొడి పోసి మూటకట్టి, కర్ర చివర వేలాడదీసి, ఇంకో కర్రతో దాన్ని కొడుతూ చేలో నడవాలి. కొత్త గుడ్డయితే పొడి దిగదు. ఉతికి ఉతికి ఉల్లిపొరలా అయిపోయిన గుడ్డ కావాలి. పొద్దున్నే ఆకు మీద మంచు ఆరకముందే జల్లాలి, అప్పుడే అంటుకుంటుంది. మగాళ్ళు ఎండ్రిన్ అనే నీళ్ళమందు డబ్బాలు వీపున మోసేవారు. మూటలు ఆడాళ్ళకి. వంగి కలుపు తియ్యడం కన్నా నిలబడి మూట కొట్టుకోవడం సుఖమని, కడుపుతో ఉన్నదాన్నని దయతల్చి, కామందుగారి భార్య నన్ను ఆ పనిలో పెట్టించేరు. ఆవిడ నా మంచి కోరే పెట్టించేరండి. ఆ మాట కూడా రాయవే విజయా.

మా అమ్మ నా పెళ్ళికి పెట్టిన నీలం చీర ఉండేది, పసుపు అంచుది. మా ఇంట్లో అంతకన్నా మెత్తటి గుడ్డ లేదు. దాన్నే సగానికి చింపి మూటలకి వాడేను. గాలి తిరిగితే ముఖమంతా పొడే. కళ్ళు మండేవి, నోరు చేదెక్కేది. పనయ్యేక చేలోకి నీళ్ళొచ్చే బోదెలో కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆ బోదెలోనే దోసిలి పట్టి తాగేవాళ్ళం. ఎండ్రిన్ కొట్టిన మర్నాడు చేలో చేపలు తేలేవి. పండగే అందరికీ, బుట్టలు పట్టుకుని పరిగెత్తేవారు. మా ఆయన తెచ్చి, "ఒట్టిమనిషివి కావు, పెద్దది నువ్వు తిను" అని నా కంచంలో వేసేరు. ఎంత రుచిగా ఉందో.

రెండో పంట, దాళ్వా చేలు పొట్టమీదున్నప్పుడు కృప పుట్టింది. బొద్దుగా, బొమ్మలా ఉంది. పుట్టగానే తలుపు కిర్రుమన్నట్టు ఒక్కసారి మూలిగి ఊరుకుంది.

మా పేటలో పసిబిడ్డకి కొత్తగుడ్డ కట్టరు. దిష్టని, ఒళ్ళు గీసుకుంటుందని. క్రీస్తువులమయ్యి మూడు తరాలైనా ఆ ఆచారం పోలేదు. పొత్తిళ్ళకి చీర ఎంత పాతదైతే అంత మంచిది. మా అత్త ఆ పొడిమూట గుడ్డల్ని చాకలిసోడా వేసి ఉడకబెట్టి, కాలవలో ఉతికి, ఎండేసి, చక్కగా మడతలు పెట్టి ఉంచింది. చీరలో మిగిలిన సగంతో ఉయ్యాల కట్టింది. మందు కట్టడానికి ఎలాంటి గుడ్డ కావాలో పొత్తిళ్ళకీ అలాంటి గుడ్డే కావాలి, ఉన్నది అదొక్కటే. మరక పోయింది గాని మగ్గిన వాసన పోలేదు.

"అత్తా, ఇంకా వాసనొస్తోంది" అన్నాను.

"సోడాలో ఉడికించేనే. నువ్వు రోజూ ముఖాన పూసుకున్నదేగా. నీకేమైనా అయ్యిందా?"

నాకేమీ కాలేదనే అనుకున్నాను.

కృప ఏడ్చేది కాదు. పాలకి కూడా లేచేది కాదు. నేనే లేపి పట్టాలి, రెండు గుక్కలు తాగి రొమ్ము దగ్గరే నిద్రపోయేది. పేటంతా వచ్చి చూసి ఎంత మంచి పిల్లో అని వెళ్ళేరు. మా అత్తకి గర్వం. "నా పోలిక. నేనూ చిన్నప్పుడు నోరులేనిదాన్నే" అంది. మా ఆయన నవ్వేరు. "ఆయ్, మా అమ్మకి నోరు లేదని గోదారి అవతలోళ్ళక్కూడా తెలుసు" అన్నారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. పుట్టినప్పటి పసుపు పిల్ల ఒంటిమీంచి దిగలేదు. నాలిక కొంచెం బయటికే ఉండేది. బొడ్డు ఉబ్బింది. ఎండాకాలంలో దాని పాదాలు పట్టుకుంటే కాలవనీళ్ళలో చెయ్యి పెట్టినట్టుండేది. రోజులకి రోజులు దొడ్డికి వెళ్ళేది కాదు. అరిచినా, పళ్ళెం కింద పడ్డా ఉలిక్కిపడేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అరికాలు గిల్లేను, ఏడుస్తుందేమోనని. మా అత్త చూసేసింది.

"తల్లివా రాకాసివా? పడుకున్న పిల్లని గిల్లుతావా?"

"ఏడుస్తుందేమోనని అత్తా."

"ఏడవకపోతే నీకేం నష్టమే? నలుగురు పిల్లల్ని కన్నాను, ఇంత సుఖం ఎరగను."

నా సంగతి కూడా బాగోలేదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చేది. ముఖం ఉబ్బింది, గొంతు మగాడి గొంతైపోయింది. అందరూ విసనకర్రలు పట్టుకుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. లేవాలంటే ఒళ్ళు రాయి. బాలింత బద్ధకం అన్నారు. ఊళ్ళో మందిచ్చే డాక్టరుగారికి చూపిస్తే పసికామెర్లకి ఓ సీసా ఇచ్చి, "పిల్ల పడుకుంటోందని ఏడ్చే తల్లిని నిన్నే చూశానమ్మా" అన్నారు. అక్కడున్నవాళ్ళంతా నవ్వేరు. నేనూ నవ్వేను. ఇంటికొచ్చేసరికి మళ్ళీ అదే గుబులు. ఉయ్యాల దగ్గరికి వెళ్ళడం, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడడం, వాకిట్లోకి రావడం, మళ్ళీ వెళ్ళడం.

ఓ ఆదివారం గుడి దగ్గర పాస్టరమ్మగారు కృపని ఎత్తుకున్నారు. పక్కింటివాళ్ళ పిల్లాడు కృపకన్నా వారం చిన్నోడు. వాడు మెడ నిలిపి, ఆవిడ కళ్ళజోడు లాగుతున్నాడు. కృప తల ఆవిడ మోచేతి మీంచి వేలాడింది. ఆవిడ ఆ తలకింద చెయ్యి పెట్టి నిలిపేరు. తర్వాత, "మరియా, రేపే కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళు" అన్నారు.

అది రోహిణికార్తె. మా ఆయన, అత్త, నేను ముక్తేశ్వరం రేవులో లాంచి ఎక్కేం. దార్లో మా ఆయన, "నీదంతా అనుమానం మరియా, ఊరికే శ్రమ" అంటూనే ఉన్నారు. లాంచి కదిలేటప్పుడు హారను కొట్టేడు. లాంచిలో ఉన్న పసిపిల్లలంతా ఒక్కసారి గొల్లుమన్నారు. కృప కన్ను తెరవలేదు. మా ఆయన పిల్ల వైపు చూసేరు. చెవి దగ్గర చప్పట్లు కొట్టేరు. మళ్ళీ కొట్టేరు. కోటిపల్లి రేవు వచ్చేదాకా కొడుతూనే ఉన్నారు.

ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా తల్లులూ పిల్లలూ. చెవులు చిల్లులు పడే ఏడుపు. నా పక్కన రాజోలు నించి వచ్చినావిడ కూర్చుంది, ఒళ్ళో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"మీ పాప ఎంత బుద్ధిమంతురాలండీ. మా వెధవని చూడండి, కప్పు లేపేస్తున్నాడు" అంది.

"కాసేపు మార్చుకుందామాండీ" అన్నాను.

ఆవిడ నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "ఇంత చల్లగా ఉన్నారేంటండీ, ఈ ఎండల్లో" అని తన సంచిలోంచి దుప్పటి తీసి నాకు కప్పింది. తన వంతు వచ్చినప్పుడు లేవలేదు. "మా వాడు ఏడ్చే ఓపికున్నోడు, ముందు వీళ్ళని పంపండి" అంది. ఆవిడ పేరు అడగడం కూడా నాకు తోచలేదు. ఇది ఆవిడ చదివితే బాగుణ్ణు.

డాక్టరమ్మ చిన్నపిల్లే, నా ఈడుంటుంది. కృప పొట్ట చూసేరు, నాలిక చూసేరు, అరికాలి మీద వేలితో టక్కున కొట్టేరు. కృప మూలిగింది. ఆవిడ ఆ మూలుగు విని, మళ్ళీ కొట్టి, మళ్ళీ విన్నారు. తర్వాత నా మెడ మీద చెయ్యి వేసేరు.

"నువ్వు మాట్లాడమ్మా."

"ఏం మాట్లాడనండి?"

"చాలు" అన్నారు.

గొంతు దగ్గర ఒక గ్రంథి ఉంటుందట, థైరాయిడ్ అంటారు. ఆవిడ నాకు తెలిసేలా చెప్పేరు. పొయ్యిలో కొబ్బరిమట్ట ఎగదొయ్యకపోతే మంట ఎలా మందగిస్తుందో, ఆ గ్రంథి పని చెయ్యకపోతే ఒంట్లో అన్నీ అలా మందగిస్తాయట. పసిపిల్లలకైతే మెదడు కూడా. "నీకూ ఉంది, పాపకీ ఉంది. నీకు మాత్రలతో అదుపులో ఉంటుంది. పాపకి ఆలస్యమైంది. ఎంత నష్టం జరిగిందో ఇప్పుడు చెప్పలేను, ఎదిగేకే తెలుస్తుంది" అన్నారు.

మా అత్త పిల్లని పొత్తిళ్ళలో చుట్టబోయింది. డాక్టరమ్మ ఆ గుడ్డ అందుకుని వాసన చూసేరు.

"ఏంటీ వాసన?"

నేను కోడలిగా వచ్చేక మా అత్తకి మాట తట్టకపోవడం అదే మొదలు. నేనే చెప్పేను, మూట సంగతి, చీర సంగతి. మా ఆయన గోడకానుకుని నిలబడి, "నేను ఎండ్రిన్ కొట్టొచ్చిన చొక్కాతోనే దీన్ని ఎత్తుకునేవాణ్ణండి. దానివల్లనా?" అని అడిగేరు.

"ఇది మందువల్లే వచ్చిందని నేను చెప్పలేను" అన్నారావిడ. "ఏ మందూ ఎరగని ఇళ్ళల్లో కూడా ఇలాంటి పిల్లలు పుడుతున్నారు. కాదని కూడా చెప్పలేను. కడుపుతో ఉన్నప్పుడు అది ఒంట్లోకి వెళ్ళడం మంచిది కాదు, అంతవరకు చెప్పగలను. ఈ గుడ్డ మాత్రం పాప ఒంటిమీద ఇంకో క్షణం ఉండకూడదు."

ఆయా ఆసుపత్రి తువ్వాలు తెచ్చి చుట్టింది. రక్తం మద్రాసు పంపుతామన్నారు. ఆ జవాబు వచ్చేదాకా ఆగేంత తీరిక పిల్ల మెదడుకి లేదని అప్పుడే మాత్ర మొదలెట్టించేరు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేక మా అత్త ట్రంకుపెట్టె తెరిచింది. క్రిస్‌మస్‌కి కట్టుకుందామని దాచుకున్న తెల్లచీర తీసింది, మడత కూడా విప్పనిది. గుమ్మంలో కూర్చుని దాన్ని పొత్తిళ్ళకి చింపింది.

"కొత్తగుడ్డ అత్తా" అన్నాను.

"తెలుసు" అంది. ముక్క తర్వాత ముక్క చింపుతూనే ఉంది. కొత్తగుడ్డ చిరిగే చప్పుడు గట్టిగా ఉంటుంది. అది అయ్యేదాకా మా ఆయన ఇంట్లోకి రాలేదు, నేను లేవలేదు.

పొద్దున్నే పరగడుపున మాత్ర. నాది నీళ్ళతో. కృపది రెండు చెంచాల మధ్య నలిపి, నా పాలు నాలుగు చుక్కలు పిండి, నాలిక మీద రాయడం. ఇద్దరికీ ఒకటే మందు, దానిది చిన్నది. రాసిన వెంటనే చూసేదాన్ని, ఏమైనా మారిందేమోనని. నన్ను చూసి మా ఆయన కూడా చూసేవారు. ఏమీ మారేది కాదు. మాత్ర దిగలేదేమోనని భయం. ఎక్కువైందేమోనని భయం.

రెండు వారాలు దాటేక, ఓ మధ్యాహ్నం నేను కాలవలో గిన్నెలు తోముతున్నాను. ఎవరిదో పిల్ల ఏడుపు వినిపించింది. గట్టిగా, కోపంగా. ఎవరింటికి చుట్టాలొచ్చేరో అనుకున్నాను. గట్టు మీంచి మా అత్త కేక వేసింది. "ఒసే మరియా, అది నీ కూతురే."

గిన్నె కాలవలో కొట్టుకుపోయింది. నేను వెళ్ళేసరికి మా అత్త పిల్లని భుజాన వేసుకుని జోకొడుతోంది. "ఆకలేమో, పాలియ్యవే" అంది. "ఇస్తాను. ఉండత్తా, గొంతు విననీ" అన్నాను. ఇద్దరం అలాగే నిలబడి విన్నాం.

అయిపోయిందనుకున్నాను గాని ఈ జబ్బుకి అయిపోవడం ఉండదు. మాత్ర రోజూ వెయ్యాలి, ఎప్పటికీ. ఎనభై మూడులో మా ఆయన దింపు తియ్యడానికెక్కిన కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయేరు. ఆ తర్వాత కొన్నాళ్ళు నాకేం గుర్తులేదు. చుట్టాలు వచ్చేరు, వెళ్ళేరు. మాత్రలు అయిపోయాయి. "ఇంత దుఃఖంలో మాత్రలేంటి, పిల్ల బాగానే ఉందిగా" అన్నారెవరో. నేను చాప మీంచి లేచేదాన్ని కాదు. ఒళ్ళు మళ్ళీ రాయయింది. అది దుఃఖమో జబ్బో తెలీలేదు.

కనిపెట్టింది మా అత్తే. "ఈ పిల్ల రెండు రోజుల్నించి నన్ను ఏమీ అడగలేదే" అంది. కృప మూల కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా. కొడుకు పోయిన మనిషి, జుట్టు ముడి వేసుకుని, ఖాళీ మాత్రల డబ్బా గుప్పిట్లో పట్టుకుని అమలాపురం వెళ్ళింది. అక్కడ దొరకలేదు. ఎప్పుడూ ఒంటరిగా గోదారి దాటని మనిషి కాకినాడ వెళ్ళి మర్నాడొచ్చింది. నా ముందు కూర్చుని మాత్ర చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు మింగు. నువ్వు పడుకుంటే దీనికెవరిస్తారు?"

మింగేను. ఆ రోజునించి మానలేదు.

కృపకిప్పుడు తొమ్మిదో ఏడు. నడక ఆలస్యం, మాట ఆలస్యం. ఇప్పుడు వాగుతూనే ఉంటుంది. పాటలు ఒక్కసారి వింటే పట్టేస్తుంది. లెక్కల దగ్గర మాత్రం ఆగిపోతుంది. ఎక్కాలు మర్చిపోయినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. ఇది బద్ధకమా, ఆ ఆలస్యమైన నెలలా? పక్కింటి పిల్లాడికీ ఎక్కాలు రావు, వాడి తల్లి నిద్రపోతుంది. నాకు పట్టదు. బోదె నీళ్ళా, చేపా, మూటా, చీరా అని ఒక్కోటీ పట్టుకుని తిరుగుతాను. ఏదీ కాకపోవచ్చు కూడా.

పోయినేడు సార్వాకి విజయ కడుపుతో ఉంది. మా మరిది కౌలుకి తీసుకున్న చేలోకి పొడిమూట కర్ర పట్టుకుని వెళ్ళింది. తెలిసి గట్టు వెంబడి పరిగెత్తేను. మూట దాని చేతిలోంచి లాక్కున్నాను. రాయి విజయా, సిగ్గెందుకు. నన్ను తిట్టేవు కూడా.

మా మరిది వచ్చేడు. "వదినా, ఊరందరూ జల్లుతున్నారు. అందరి పిల్లలూ ఏడుస్తూనే ఉన్నారుగా. నీకొక్కదానికే ఏంటి?"

అది నిజమే. నాతో పాటు మూట కొట్టిన వాళ్ళ పిల్లలు బాగానే ఉన్నారు.

"నాకు తెలీదు. తెలీకే లాక్కుంటున్నాను" అన్నాను.

వాడు చాలాసేపు గొణిగి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని తనే జల్లుకున్నాడు. ఇంటికొస్తే మా అత్త కాలవ దగ్గరే ఆపి, స్నానం చేసిగాని గుమ్మం తొక్కనివ్వలేదు. మూట గుడ్డ గొయ్యి తీసి పాతేసింది. పిల్లాడికి పొత్తిళ్ళు కొట్టు నించి కొత్త గుడ్డ తెచ్చి, రెండుసార్లు ఉడకబెట్టి మెత్తన చేసి కుట్టింది. దిష్టి సంగతి ఎవరూ ఎత్తలేదు.

అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేది ఇంతే. కడుపుతో ఉంటే మందు జల్లే చేలోకి వెళ్ళకండి, తేలిక పనని ఎవరు దయతల్చినా సరే. మందు అంటిన గుడ్డ ఎంత మెత్తగా ఉన్నా ఇంట్లోకి తేకండి. పిల్ల మరీ బుద్ధిగా ఉంటే మురిసిపోయి ఊరుకోకండి, పెద్దాసుపత్రిలో చూపించండి. అప్పటికే ఆలస్యమైపోతే, నాలాంటివాళ్ళున్నారని గుర్తుంచుకోండి. మాత్ర మానకండి. పిల్ల ఎదుగుతుంది, దాని తోవన అది.

విజయా, ఇంకోటి రాయి. మా అత్త నన్ను అప్పట్లో తిట్టినవన్నీ...

ఇక్కడ ఆపేమండి, పిల్లాడు లేచేడు. కింది నాలుగు ముక్కలు తర్వాత రాసినవి. వాడు లేస్తే కాలవ అవతలకి వినబడుతుంది. కృప చెవులు మూసుకుని, "బాబోయ్, పిన్నీ, వీడి నోరు ముయ్యవే" అని వాకిట్లోకి పారిపోయింది. పక్కింట్లోంచి కూడా కేక వేసేరు, ఎవరైనా ఎత్తుకోండని. విజయ కలం పక్కన పెట్టి వాణ్ణి రొమ్ముకి తీసుకోబోయింది.

మా అత్తకిప్పుడు చెవులు సరిగ్గా వినబడవు. అరుగు మీంచి గోడ పట్టుకుని లేచి, గుమ్మం దాకా వచ్చి, తల ఓ పక్కకి వంచింది.

"ఉండవే" అంది. "గొంతు విననీ."